జుట్టుకు ఎర్రదీపం: ఆగి చూడవలసిన సంకేతం

భర్తృహరి సుభాషితాలలోని బట్టతలవాని వృత్తాంతం మన పాఠకులలో పలువురు చిన్ననాట బడిలో చదువుకున్నదే. ఎండవేడికి మాడు కాలిపోతుండగా అతడు తాటిచెట్టు నీడకు పరుగెత్తుతాడు. సరిగ్గా అతని నెత్తిమీదనే తాటిపండు రాలి పడుతుంది. దురదృష్టవంతుని వెంట ఆపదలు కూడా నడిచి వస్తాయన్నది అందలి నీతి. ఆనాటి బట్టతలవాడు వెలుగుకు భయపడి పారిపోయాడు. నేటి బట్టతలవాడు సొమ్ము చెల్లించి మరీ వెలుగును నెత్తికెత్తుకుంటున్నాడు. కాలం తెచ్చిన మార్పు అంతటిది!

మేము నివసించే ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి తరలివచ్చి, తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇటువంటి ఊరిలో ఎర్రదీపం అంటే పసిపిల్లలకైనా తెలిసిన అర్థం ఒక్కటే: ‘ఆగుము’. అయితే కొంతకాలంగా మా ఇళ్లలో మరొక ఎర్రదీపాన్ని గురించిన ముచ్చట్లు వినవస్తున్నాయి. అది పలుచబడిన జుట్టును తిరిగి ఒత్తుగా మొలిపిస్తుందని చెప్పే ఎర్రకాంతి చికిత్స. టోపీలు, శిరస్త్రాణాలు, దువ్వెనల రూపంలో ఈ పరికరాలు బజారులో లభిస్తున్నాయి.

రైల్వే వర్కుషాపులో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు మా ఇరుగింట ఉన్నారు. ఒకనాటి సాయంత్రం ఆయన ఒక ప్రకటన కాగితం చేతబట్టుకొని మా ఇంటికి వచ్చారు. “బాబూ, నువ్వు ఇంజనీరువి గదా! దీపాల సంగతి, లేజర్ల సంగతి నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది? మనవరాలికి జుట్టు పలచబడిపోతోంది. శ్రీకాకుళంవైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మూడు నెలల్లో పెళ్లిచూపులు. బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టు తీసి దీన్ని కొందామనుకుంటున్నాను. కొనమంటావా?” అని అడిగారు. “తొందరపడకండి బాబాయిగారూ, ఒక్క వారం గడువివ్వండి. తెలుసుకొని చెబుతాం” అన్నాము. ఆ వారం రోజులలోను, ఆ తరువాతను వైద్యులను అడిగి, లభించిన సమాచారాన్ని చదివి మేము గ్రహించిన విషయాలను పాఠకులతో పంచుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెంట్రుక జీవితచక్రం

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక చర్మంలో కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురునుండి పుడుతుంది. ఈ కుదుళ్లు మన కర్మాగారంలోని యంత్రాలవలెనే కొంతకాలం పనిచేస్తాయి, కొంతకాలం విశ్రాంతి తీసుకుంటాయి. పెరుగుదల దశ రెండునుండి ఆరు సంవత్సరాలు సాగుతుంది. తరువాత రెండు మూడు వారాలపాటు కుదురు ముడుచుకొనే దశ, ఆపై సుమారు మూడు నెలల విశ్రాంతి దశ వస్తాయి. విశ్రాంతి ముగియగానే పాత వెంట్రుక ఊడి, అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. కనుక రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలటం సహజమే. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనబడగానే గుండెలు బాదుకోనక్కరలేదు.

వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తిరుమలలోనో, సింహాచలంలోనో తలనీలాలు సమర్పించి వచ్చినవారందరికీ ఇది అనుభవంలో ఉన్న విషయమే. ఈ కొలతను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. వారంలో, పక్షంలో జుట్టు మొలిపిస్తామని ఎవరైనా చెబితే, ఆ మాటను పరీక్షించటానికి ఈ ఒక్క అంకె చాలు.

సాధారణంగా కనిపించే బట్టతలలో కుదుళ్లు ఒక్కసారిగా చచ్చిపోవు. వంశపారంపర్యంగా సంక్రమించిన గుణం వలన కొన్ని కుదుళ్లు పురుష హార్మోనుకు లొంగిపోయి క్రమంగా చిన్నవవుతాయి. లావుపాటి వెంట్రుక స్థానంలో సన్ననిది, దాని స్థానంలో నూగు వస్తుంది. ఇందులో పురుష హార్మోను పాత్రను జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1942లో నిరూపించాడు. పురుషులలో నుదుటి మూలలు వెనుకకు జరగటం, నడినెత్తి బయటపడటం దీని లక్షణాలు. స్త్రీలలో ముందువైపు అంచు అలాగే ఉండి పాపిడి వెడల్పవుతుంది.

ఎర్రకాంతి ఎలా రంగప్రవేశం చేసింది?

కాంతిని ఔషధంగా వాడటం కొత్త సంగతి కాదు. చర్మానికి వచ్చే ఒక రకం క్షయవ్యాధిని కాంతితో నయంచేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. ఆ తరువాత 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపురాయి స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. ఒకే రంగు కలిగి, చెదరిపోక ఒకే దారిన సాగే కాంతి మనిషి చేతికి వచ్చింది.

హంగరీ రాజధాని బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఉండేవాడు. బోస్టన్ నగరంలో కెంపు లేజర్‌తో కంతులను నాశనం చేసిన ప్రయోగాన్ని విని, దానిని తానుకూడా చేసి చూడదలచాడు. అయితే అతని లేజర్ శక్తి చాలా తక్కువ. దానితో కంతులు కరగలేదు. కాని 1967లో అతడు ఒక వింతను వెల్లడించాడు. బొచ్చు గొరిగిన చిట్టెలుకలలో, లేజర్ కాంతి సోకినవాటికి బొచ్చు త్వరగా తిరిగి మొలిచింది! అనుకున్న పనికి చాలని బలహీనమైన పనిముట్టు అనుకోని దారిని చూపించింది. కర్మాగారాలలో పనిచేసే మనకు ఇటువంటి సంఘటనలు అపరిచితం కావు.

అయినను ఇది బజారు సరుకుగా మారటానికి నలభై సంవత్సరాలు పట్టింది. 2007 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పురుషుల జుట్టు కోసం తయారైన ఒక లేజర్ దువ్వెన అమ్మకానికి అనుమతి ఇచ్చింది. 2011లో స్త్రీలకుకూడా ఆ అనుమతి విస్తరించింది. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఈ తరహా పరికరాలకు ఇచ్చే అనుమతి, అప్పటికే అమ్మకంలో ఉన్న పోలిక గల పరికరాలతో సమానంగా సురక్షితమూ, సమర్థమూ అని అంగీకరించటమే. కొత్త మందుకు జరిగేటంత కఠినమైన పరిశీలన ఇందులో ఉండదు. ప్రకటనలలో మాత్రం ఇది ‘అమెరికా ప్రభుత్వ ఆమోదం’గా మారి, పెద్ద అక్షరాలలో దర్శనమిస్తుంది.

ఎరుపే ఎందుకు?

రైల్వే సంకేతాలకు ఎరుపును ఎన్నుకోవటానికి ఒక కారణం, పొడవైన తరంగాలు గల ఎర్రకాంతి గాలిలోని సూక్ష్మకణాల మధ్య తక్కువగా చెదరి, దూరానికి చేరటమే. చర్మంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ నీలి, ఆకుపచ్చ కాంతులను విశేషంగా పీల్చుకుంటుంది. ఎర్రకాంతిని అంతగా పీల్చుకోదు. చీకటిలో టార్చిలైటుమీద అరచేయి మూసి చూడండి. తెల్లని కాంతిలోని తక్కిన రంగులు లోపలే ఇంకిపోయి, వేళ్ల సందున ఎరుపొక్కటే వెలుపలికి వస్తుంది. వెంట్రుక కుదురున్న లోతుకు ఎంతో కొంత చేరగలిగినది ఈ ఎరుపే. ఈ పరికరాలలో ఎక్కువగా 650 నానోమీటర్ల పరిసరాలలోని కాంతిని వాడతారు. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు.

ఈ కాంతి కణాలలోని శక్తి ఉత్పాదక కేంద్రాలైన మైటోకాండ్రియాలలో ఒక ఎంజైమును ఉత్తేజపరుస్తుందనీ, తత్ఫలితంగా కుదురుకు శక్తి అందుబాటు పెరిగి, విశ్రాంతిలో ఉన్న కుదుళ్లు పెరుగుదల దశకు మరలుతాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇది బలమైన ఊహయే కాని పూర్తిగా రుజువైన సిద్ధాంతం కాదు. ఒకటి మాత్రం నిశ్చయం: ఇది వేడివలన జరిగే పని కాదు. 5 మిల్లీవాట్ల లేజర్ ఒకటి 25 నిమిషాలు వెలిగితే వెలువడే శక్తి 7.5 జౌళ్లు. అదంతా చేరినా ఒక మిల్లీలీటరు నీరు 2 డిగ్రీలుకూడా వేడెక్కదు.

అందుచేత ఇంట్లో ఎర్రని జీరో బల్బును తలమీద వేలాడదీసుకున్నా, బల్బుకు ఎర్రకాగితం చుట్టినా ప్రయోజనం లేదు. నొప్పులకు కాపడం పెట్టే పరారుణ దీపాన్ని తలకు దగ్గరగా పెట్టుకుంటే మాడు కాలటమే మిగులుతుంది. మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందనుకోవటంకూడా పొరపాటే. వరిచేనుకు యూరియా తగినంత వేస్తే పచ్చబడుతుంది, మితిమీరితే చేను దెబ్బతింటుంది. ఎర్రకాంతి విషయంలోనూ ఒక హద్దు దాటితే ప్రయోజనం తగ్గుతుందని ప్రయోగశాలలలో గమనించారు.

పరీక్షలు ఏమి తేల్చాయి?

మంచి వైద్యపరీక్షలో కొందరికి అసలు పరికరాన్ని, కొందరికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి పరికరాన్ని ఇస్తారు. ఎవరి వద్ద ఏది ఉన్నదో వాడేవారికి తెలియదు. ఎర్రకాంతి విషయంలో ఇటువంటి పరీక్షలు కొన్ని జరిగాయి.

2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 44 మంది పురుషులు పాల్గొన్నారు. శిరస్త్రాణంలో 21 లేజర్లు, 30 ఎల్.ఇ.డి. దీపాలు అమర్చి, రోజు విడిచి రోజు 25 నిమిషాల చొప్పున 16 వారాలు వాడించారు. ఉత్తుత్తి పరికరం వాడినవారితో పోల్చినప్పుడు వెంట్రుకల సంఖ్యలో 35 శాతం అధిక వృద్ధి కనిపించింది. మరుసటి సంవత్సరం స్త్రీలపై జరిపిన అధ్యయనంలో ఇది 37 శాతం. 2014లోనే వెలువడిన మరొక పెద్ద అధ్యయనంలో 128 మంది పురుషులు, 141 మంది స్త్రీలు లేజర్ దువ్వెనను వారానికి మూడుసార్లు చొప్పున 26 వారాలు వాడారు. అసలు దువ్వెన వాడినవారిలో చదరపు సెంటీమీటరుకు 18 నుండి 26 వరకు వెంట్రుకలు పెరిగాయి. ఉత్తుత్తిది వాడినవారిలో పెరుగుదల 2 నుండి 9 వరకు మాత్రమే.

కనుక ఎర్రకాంతి చికిత్స కేవలం బూటకమని కొట్టివేయటానికి వీలులేదు. కాని ఈ అంకెలను చదివేటప్పుడు మూడు విషయాలను మరువరాదు. మొదటిది, ఈ పరీక్షలు చాలావరకు పరికరాల తయారీదారుల ధనసహాయంతో జరిగినవి. రెండవది, లెక్కపెట్టినది నెత్తిమీద గుర్తువేసిన చిన్న వలయంలోని వెంట్రుకలను. చదరపు సెంటీమీటరుకు ఇరవై వెంట్రుకలు పెరగటం యంత్రంక్రింద స్పష్టంగా కనిపించవచ్చును, అద్దంలో అంతగా కనిపించకపోవచ్చును. మూడవది మనకు మరీ ముఖ్యమైనది. చర్మపు రంగును వైద్యులు తెలుపునుండి నలుపువరకు ఆరు తరగతులుగా విభజిస్తారు. పైన పేర్కొన్న పరీక్షలలో మొదటి నాలుగు తరగతులవారే పాల్గొన్నారు. నల్లని చర్మంలోని వర్ణద్రవ్యం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. మనలో అయిదవ, ఆరవ తరగతులకు చెందినవారు అసంఖ్యాకంగా ఉన్నారు. ఒక వాతావరణంలో పరీక్షించిన యంత్రం మరొక వాతావరణంలోను అంతే చక్కగా పనిచేస్తుందని ఏ ఇంజనీరూ హామీపత్రం వ్రాయడు గదా!

ఎవరికి ఉపకరిస్తుంది? ఎవరికి ఉపకరించదు?

ఈ చికిత్సకు అనుమతి, పరీక్షల ఆధారం ఉన్నవి వంశపారంపర్యంగా జుట్టు పలుచబడేవారి విషయంలోనే. అందులోను తొలిదశలో, అనగా కుదుళ్లు సన్నగిల్లినా ఇంకా బ్రతికి ఉన్నప్పుడే. పొయ్యిలో నిప్పుకణిక మిగిలి ఉంటే ఊదితే రాజుకుంటుంది, బూడిదను ఊదితే కళ్లలో పడుతుంది. మా తల ఏనాడో ఈ రెండవ స్థితికి చేరింది గనుక ఈ చికిత్స మాకు నిరుపయోగమని వైద్యమిత్రులు నవ్వుతూనే తీర్పు చెప్పారు. ఫలితం కనిపించినవారుకూడా వాడకం మానివేస్తే, కొన్ని నెలలలో జుట్టు తన పూర్వపు దారి పడుతుంది. అంటే ఇది ఒకసారి చేయించుకొనే మరమ్మతు కాదు, ఎడతెగకుండా సాగవలసిన నిర్వహణ.

జుట్టు రాలటానికి ఇతర కారణాలు అనేకం. టైఫాయిడ్, డెంగ్యూ, కరోనా వంటి తీవ్ర జ్వరాల తరువాత, కాన్పు తరువాత, పెద్ద శస్త్రచికిత్స తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. శరీరం కష్టకాలంలో చాలా కుదుళ్లను ఒక్కసారిగా విశ్రాంతికి పంపటమే ఇందుకు కారణం. ఇది చాలామందిలో ఆరునెలలలో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏ పరికరం వాడినా ఘనత ఆ పరికరానికే దక్కుతుంది! రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపాలు, తగినంత తిండి లేకపోవటం మరికొన్ని కారణాలు. వీటికి అసలు వ్యాధికి చికిత్స జరగాలి. మనం ‘పేనుకొరుకుడు’ అని పిలిచే గుండ్రని మచ్చలకు పేలతో సంబంధమే లేదు. శరీర రక్షణవ్యవస్థ పొరపాటున తన కుదుళ్లపైననే దాడి చేయటంవలన అవి ఏర్పడతాయి. పిల్లల తలపై పొలుసులతో కూడిన మచ్చలు తామర కావచ్చును, దానికి మందు వేరు. జడ మరీ బిగించి లాగి వేయటంవలన కణతలవద్ద జుట్టు పోతే, దానికి చికిత్స జడను వదులుగా వేయటమే.

ఈ కారణాలన్నింటికీ ఒకే ఎర్రదీపాన్ని చూపటం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టటమే అవుతుంది.

కొన్ని అపోహలు

ఈ సందర్భంలో మన ఉద్యోగ సోదరులలో వ్యాపించిన ఒక అపోహను ప్రస్తావించక తప్పదు. రక్షణ శిరస్త్రాణం ధరిస్తే బట్టతల వస్తుందని కొందరు యువకులు నమ్ముతున్నారు. క్రేను క్రింద పనిచేస్తూ శిరస్త్రాణాన్ని చంకలో పెట్టుకొని నిలబడిన ఒక యువకుణ్ణి మేము మందలించగా, “జుట్టు పోతోంది సార్” అని సంకోచంగా చెప్పాడు. కుదురుకు కావలసిన ప్రాణవాయువు రక్తంద్వారా అందుతుంది కాని, పైన వీచే గాలిద్వారా కాదు. చెమటవలన దురద, చుండ్రు రావచ్చును. లోపలి పట్టీని, తలగుడ్డను తరచు శుభ్రం చేసుకుంటే అవికూడా తగ్గుతాయి. జుట్టు పోయినవాడు సుఖంగా బ్రతుకుతాడు. తల పోయినవాని సంగతి చెప్పనక్కరలేదు.

రెండవది నీళ్లను గురించినది. ఖరగ్‌పూర్ ఎర్రనేలల నీళ్లలో ఇనుము ఉన్నదనీ, అందుకే ఇక్కడివారికి జుట్టు నిలవదనీ మా పట్టణంలో ఒక వాడుక. ఉప్పునీరు, చిలుమునీరు వెంట్రుకను గరుకుగా చేయవచ్చును. వంశపారంపర్యపు బట్టతలకు మాత్రం నీరు కారణం కాదు. మూడవది, గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం. కత్తి కోసేది చర్మంపైని నిర్జీవమైన పోగును. లోపలి కుదుళ్ల సంఖ్య ఒక్కటికూడా పెరగదు. మొక్కు తీర్చుకోవటం భక్తికి సంబంధించిన విషయం, దానిని వైద్యంగా భావించరాదు.

కొనదలచినవారికి కొన్ని సూచనలు

ముందుగా చర్మవైద్యునికి చూపించాలి. అవసరమని ఆయన భావిస్తే రక్తపరీక్షలు చేయించాలి. ఈ రెండింటికి అయ్యే ఖర్చు పరికరం ఖరీదులో అతి స్వల్పభాగం.

రెండవది, ఇతర చికిత్సలను గురించి వైద్యుని అడిగి తెలుసుకోవాలి. మొదట రక్తపోటుకు మాత్రగా వచ్చిన మినాక్సిడిల్ 1988లో అమెరికాలో తలకు రాసే మందుగా అనుమతి పొందింది. ఫినాస్టరైడ్ అనే మాత్ర 1997లో పురుషుల బట్టతలకు అనుమతి పొందింది. గర్భిణులు దానిని వాడరాదు. వీటికి దుష్ఫలితాలూ ఉన్నాయి గనుక దుకాణదారు సలహాపై వాడటం తగదు. వైద్యులు కొందరు ఎర్రకాంతిని ఈ మందులకు తోడుగా సూచిస్తారు.

మూడవది, కాంతికి చర్మం కమిలిపోయే గుణాన్ని కలిగించే మందులు వాడుతున్నవారు, తలపై పుండ్లు, అనుమానాస్పదమైన మచ్చలు ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ పరికరాల జోలికి పోరాదు. లేజర్ వెలుగులోకి సూటిగా చూడరాదు. పిల్లలకు అందనీయరాదు.

నాలుగవది, వారానికి మూడు సార్లయినా వాడే ఓపిక ఉన్నదా అని తమను తామే ప్రశ్నించుకోవాలి. మొదలుపెట్టేముందు ఒకే వెలుతురులో, ఒకే పాపిడితో ఫొటో తీయించుకొని, ఆరునెలల తరువాత అలాగే మరొకటి తీయించి పోల్చుకోవాలి. కొలత లేని చోట భ్రమకు చోటు దొరుకుతుంది.

అయిదవది, బట్టతలను నివారిస్తుందనిగాని, నయం చేస్తుందనిగాని ఏ ఔషధమూ చెప్పుకోరాదని మన దేశపు ఔషధ నియమావళిలోని ‘జె’ షెడ్యూలు శాసిస్తున్నది. ఆ జాబితాలో బట్టతల చేరి ఉన్నదంటే, ఈ పేరున జరిగే మోసం ఎంత పాతదో ఊహించుకోవచ్చును. ‘శాశ్వత నివారణ’, ‘నూటికి నూరుపాళ్లు హామీ’ అన్న మాటలు కనబడిన చోటనే ఆగిపోవటం మంచిది.

తొలిదశలో ఉండి, వైద్యుడు ఒప్పుకొని, ఖర్చు భారం కాకపోతే వాడటంలో తప్పులేదు. మా సహోద్యోగి కుమారుడొకడు ఈ విధంగానే వైద్యుని పర్యవేక్షణలో వాడుతున్నాడు. ఏడాది తరువాత అతడు మాతో అన్న మాట ఇది: “ఒత్తుగా రాలేదండీ. కాని ఉన్నది నిలిచినట్టుంది.” ఇంతకంటె నిజాయితీ గల ప్రకటనను మేము ఎక్కడా చదవలేదు.

బాబాయిగారి మనవరాలు

వారం గడిచాక బాబాయిగారికి ఈ సంగతులన్నీ వివరించి, ముందు అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పాము. ఆయనకు మా మాట అంతగా రుచించలేదు. “జుట్టుకు ఆసుపత్రి ఏమిటి బాబూ?” అన్నారు. అయినా మా మాట కాదనలేక వెళ్లారు.

డాక్టరమ్మ జుట్టును చూసింది కొద్ది నిమిషాలే. ఆ తరువాత అమ్మాయి కనురెప్పలు వంచి చూసి, గోళ్లు చూసి, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా అని, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుందా అని అడిగారట. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 గ్రాములకు లోపుగా ఉన్నట్లు తేలింది. పాపిడి వెడల్పుకాలేదు, జుట్టు తల అంతటా సమంగా రాలుతున్నది. కనుక ఇది వంశపారంపర్యం కాదనీ, రక్తహీనతను, దాని మూలకారణాన్ని సరిచేయాలనీ చెప్పి చికిత్స ప్రారంభించారు.

కొన్ని నెలల తరువాత ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. రాలటం తగ్గింది, నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు కొత్తగా మొలిచాయి. మా శ్రీమతి ఆ మాటే అని సంతోషించగా, ఆ పిల్ల ఇలా అన్నది: “అత్తయ్యగారూ, రెండేళ్లుగా నాకు ఒకటే నీరసం. వంట చేస్తూ చేస్తూ కూర్చుండిపోయేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్లంతా జుట్టేమయిందని అడిగారు గాని, ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు.”

ఆ మాట విన్నపుడు మేము సిగ్గుపడ్డాము. ఆ పిల్లను రోజూ చూస్తున్నవారిలో మేమూ ఉన్నాము. ఇరుగుపొరుగు సంగతి అలా ఉంచి, పెళ్లి సంబంధం తలపెట్టినపుడుకూడా మనం జడ పొడవును కొలుస్తున్నాము కాని, రక్తంలోని బలాన్ని విచారించటంలేదు. బాబాయిగారు డిపాజిట్టు తీసి ఆ ఎర్రదీపాన్ని కొనివుంటే, రోజు విడిచి రోజు ఆ అమ్మాయి దానిక్రింద ఓపికగా కూర్చునేది. ఆరునెలలు గడిచేవి. అసలు వ్యాధి లోలోపల ముదిరి ఉండేది.

యంత్రం ఆగినపుడు ఏ భాగం చెడిందో తెలుసుకొనకుండానే కొత్త భాగాన్ని తెచ్చి బిగించేవాణ్ణి మనం మంచి పనివాడనము. మన శరీరం విషయంలోను, మన ఆడపిల్లల విషయంలోను అదే వివేకం అవసరం. రైలు నడిపేవానికి ఎర్రదీపం శత్రువు కాదు. ఆగి, ముందున్న దారి సరిగా ఉన్నదో లేదో తెలిసేదాకా నిలబడమని చెప్పే హితుడు. జుట్టు కోసం అమ్మే ఎర్రదీపంకూడా కనబడినప్పుడు మనకు అదే జ్ఞాపకానికి రావాలి. ముందు ఆగండి. కారణం తెలుసుకోండి. ఆ తరువాతనే ముందుకు సాగండి.